అల్లుడి ఫైలు

పొద్దున్న ఆరుంపావుకి ఆ ఇంట్లో మొదట నిద్రలేచేది ఫోను. తరువాత ఆయన. కాఫీ గ్లాసుతో ఆవిడ వంటింట్లోంచి వచ్చేసరికి, తువ్వాలు భుజాన వేసుకుని ఆయన అప్పటికే ఎవరినో ఓడ ఎక్కిస్తున్నారు.

ఓడల్లో పనిచేసేవాళ్ళ గడువు తీరితే వాళ్ళని దింపి, బదులు మనుషుల్ని ఎక్కించడం ఆయన ఉద్యోగం. విమానం టిక్కెట్టు, హోటలు గది, ఇమిగ్రేషన్ ముద్ర, ఓడ దాకా వ్యాను, అన్నీ ఆయనే చూడాలి. బదులు మనిషి ఎక్కనిదే పాతమనిషి దిగడానికి వీల్లేదు. రేవులో ఆయన్ని ఎక్కుదిగుల మాస్టారంటారు. ఇరవై ఆరేళ్ళలో ఎందరు ఆడవాళ్ళకి మొగుళ్ళని అప్పజెప్పారో లెక్కలేదు. తన పెళ్ళాం పక్కన కూర్చుని తిన్న పూటలు మాత్రం ఆవిడ వేళ్ళమీద చెప్పగలదు.

ఈరోజు దిగవలసినవాడు సొంత అల్లుడే. ఓడలో సెకండ్ ఇంజనీరు. అతను వెళ్ళేనాటికి కూతురికి రెండో నెల. ఇప్పుడు నెలలు నిండి, డాక్టరు చెప్పిన తేదీకి తొమ్మిది రోజులే ఉంది. పొద్దున్నే తలస్నానం చేసి, పట్టని జాకెట్లన్నీ ఒకదాని తరువాత ఒకటి తిట్టుకుంటూ కూర్చుంది.

“ఎన్నింటికొస్తారమ్మా?”

“మీ నాన్ననడుగు. నాకు మీ నాన్న వచ్చే టైమే తెలీదు.”

హాల్లో ఆయన మాట ఆగింది. ఆవిడ తొంగిచూసింది. ఫోనులో అవతలివాడిది తప్పయితే ఆయన అటూ ఇటూ నడుస్తారు. తనదైతే నిలబడిపోతారు. ఇప్పుడు నిలబడి ఉన్నారు.

“బదులు వచ్చేవాణ్ణి విమానం ఎక్కనివ్వలేదట,” అన్నారు ఫోను దించి. “రేపుగాని ఇంకో విమానం లేదు. ఓడ నాలుగింటికి కదులుతుంది.”

“తర్వాతి రేవు?” అంది కూతురు, గుమ్మం పట్టుకుని.

“ఇరవై రెండు రోజులు.”

“ఎందుకెక్కనివ్వలేదు?”

“ఏదో కాగితం…”

“ఏ కాగితమండీ?” అంది ఆవిడ. గోడ ఇవతల నుంచి విని విని ఆవిడా సగం ఏజెంటే. “మా మనిషే, ఎక్కించండి అని విమానం కంపెనీకి మీరు రాస్తారే, ఆ ఉత్తరమేనా? అది మీరు నిద్రలో కూడా పంపేస్తారుగా.”

ఆయన కుర్చీలో కూలబడ్డారు. “ఆ ఫైలు నేను ముట్టుకోలేదు. అల్లుడిది కదా, రేపెవరూ వేలెత్తి చూపకూడదని పక్క టేబులాయనకి ఇచ్చేశాను.”

“మరి ఆయన?”

“సొంత అల్లుడి పని, మీరే పంపేసి ఉంటారనుకున్నా మాస్టారూ, అంటున్నాడు.”

కూతురి ముఖం ఎర్రబడింది.

“ఊళ్ళోవాళ్ళ మొగుళ్ళ కాగితాలన్నీ కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూస్తావు. నా మొగుడిదొక్కటి చూస్తే నీ నిజాయితీ అరిగిపోతుందా నాన్నా? నేను రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా. నువ్వు నీ పేరు కాపాడుకుంటూ కూర్చున్నావు.”

“అది కాదమ్మా…”

“ఆయన నన్నిలా చూడనే లేదు. ఫోనులో పొట్ట ఎంతని చూపిస్తాను?”

గదిలోకి వెళ్ళి తలుపు ధడాలున వేద్దామనుకుంది గానీ, పొట్ట అడ్డమొచ్చి నెమ్మదిగానే వేసింది.

మధ్యాహ్నం దాకా ఆయన కెప్టెన్ని, కంపెనీని, ఖాళీగా ఉన్న ఇంజనీర్లనీ బతిమాలారు. ఎవరూ దొరకలేదు. ఆవిడ అన్నం పెట్టలేదు, ఆయన అడగలేదు.

“అబ్బాయి ఇంటికి రాలేడు సరే,” అంది చివరికి. “అమ్మాయి వెళ్ళకూడదా?”

“రేవు లోపలికా? గేటు పాసు నా పేరు మీద అడగాలి. ఇంటివాళ్ళకని నేనెప్పుడూ…”

“అడగలేదు. తెలుసు. అందుకేగా ఇన్నేళ్ళయినా ఆ రేవుని నేను మీ ఆఫీసు క్యాలెండరులోనే చూస్తున్నాను.”

ఆయన కోపంగా చూశారు. ఆవిడ పెన్ను తెచ్చి చేతిలో పెట్టింది. దరఖాస్తులో ‘సంబంధం’ అన్నచోట ఆయన చాలాసేపు ఆగి, ‘నా కూతురు’ అని రాశారు. పక్కనే ఆవిడ పేరు కూడా, అడగకుండానే.

రెండున్నరకి వ్యాను ఓడ పక్కన ఆగింది. నిచ్చెన మెట్లమీంచి అల్లుడు నూనె మరకల బట్టలతోనే పరుగున దిగాడు. నాలుగడుగుల దూరంలో ఆగి, భార్యని కిందనుంచి పైదాకా చూసి, చేతులు వెనక్కి దాచుకున్నాడు.

“మురికిగా ఉన్నాయే.”

“ఉండనీ,” అని ఆమె ఆ చేతులు లాగి పొట్టమీద పెట్టుకుంది. లోపలివాళ్ళెవరో తన్నినట్టున్నారు, అతను ఉలిక్కిపడి నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు.

ఆయన దగ్గరికి వెళ్ళారు. “తప్పు నాదే బాబూ,” అన్నారు.

“ఇలా తీసుకొస్తారని కూడా అనుకోలేదు మామయ్యా.”

మూడున్నరకి అతను పైకి వెళ్ళిపోయాడు. వ్యానులో కూతురు కళ్ళు తుడుచుకుని, తండ్రివైపు చూడకుండానే అంది:

“తర్వాతి రేవు ఫైలు ఎవరి దగ్గరుంది?”

“అక్కడి ఏజెంటు దగ్గరమ్మా.”

“తెప్పించు. నువ్వే చూడు.”

ఆయన తల ఊపారు. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, ఆ సంగతి మరిచి వాటికోసం ముఖమంతా తడుముకున్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకోమని కొంగు అందించింది.

డ్రైవరు వెనక్కి తిరిగాడు. “సార్, పాసు టైము అయిపోయింది. గేటులో గొడవ చేస్తారు.”

“చెయ్యనీ,” అన్నారాయన. “ఓడ కదిలేదాకా ఉందాం. మా అల్లుడు వెళ్తున్నాడు.”