పుల్లబడ్డ పెళ్లి బీరు

స్కైద్రె సైకిల్ దిగలేదు. ఒక కాలు నేలకు ఆనించి, గేటు మీదుగా సీసా నా ముఖం ముందు పెట్టింది.

"తాగు."

"ఏంటిది?"

"నువ్విచ్చిన ఈస్టుతో కాచిన బీరు. మా అక్క పెళ్లి బీరు. తాగు, ఎంత గొప్పగా ఉందో చూద్దువుగాని."

తాగాను. నోరు వంకర పోయింది.

"పుల్లగా ఉంది," అన్నాను.

"అబ్బో, కనిపెట్టేశావే! రెండు వాయిలూ ఇంతే, వీతెనిస్. రెండూ పందులకే పోశాం. ఇంకొక్క వాయికే బార్లీ మాల్టు ఉంది. అదీ పుల్లబడితే కొట్టు బీరు తెచ్చి పొయ్యాలి. ఆ తర్వాత పెళ్లికొడుకు వైపు ఆడవాళ్లు ఊరుకుంటారా?"

ఊరుకోరు. మా ఊళ్లల్లో పెళ్లికి పెళ్లికూతురి ఇంట్లో కాచిన బీరే పొయ్యాలి. లేకపోతే వాళ్లు గుమ్మంలోనే పాటలు కట్టి ఏకేస్తారు. ఆ పాటలు పెళ్లికూతురికి మనవలు పుట్టినా ఊరు మరిచిపోదు.

నేను నేలమాళిగలోకి దిగి నా బీరు ఒక మగ్గు తెచ్చాను. అదే ఈస్టు. ఆమె కళ్లు చిన్నవి చేసి తాగింది. పై పెదవి మీద నురగ మీసం. చూడకూడదనుకుంటూనే చూశాను.

"బాగుంది," అంది ఒప్పుకోలేక ఒప్పుకుంటూ. "అయితే తప్పు మా ఇంట్లోదా?"

"ఏమో."

"ఏమో ఏంటి? నీకు వేరే మాట రాదా?"

"వస్తుంది."

"ఏదీ, ఒకటి చెప్పు."

"పద."

దారిలో వాన పట్టుకుంది. కొత్త ఈస్టు జాడీని కోటు లోపల పెట్టుకుని సైకిల్ వెనకాలే నడిచాను. ఆమె మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసింది. నన్నో, జాడీనో తెలియలేదు.

వాళ్ల మామ్మ తెక్లె కొట్టాంలో నిలబడి ఉంది. ఆ ఇంట్లో బీరు ఆమె చేతిదే.

"డాక్టరు గారొచ్చారా?" అంది. "చూడవయ్యా, నా తొట్టికి జ్వరమేమో!"

తొట్టిలో మరిగే నీళ్లు పోసి, వాసనకు జూనిపర్ పొద కొమ్మలు వేసి, పొయ్యిలో కాల్చిన రాళ్లు దించాం. ఆవిరికి ముగ్గురం ఒకరికొకరం కనపడలేదు. తర్వాత మాల్టు రసం వడకట్టాం. ఆమె చేతిలో ఎక్కడా తేడా లేదు. రసం గోరువెచ్చగా అయ్యాక ఈస్టు కలిపాను.

అప్పుడు మామ్మ లోపలికెళ్లి మల్లెపువ్వులాంటి నారబట్ట తెచ్చింది.

"తొట్టికి శుభ్రమైన బట్ట కప్పాలి. మనవరాలి పెళ్లని నా బట్టల్లో మేలైనది తీశాను."

బట్ట నిజంగానే తెల్లగా ఉంది. కాని మధ్యలో గుండ్రటి మచ్చ, దాని చుట్టూ మూలలు ఒకచోటికి గుంజి బిగించిన ముడతలు. అది పాలు విరగ్గొట్టి జున్ను మూట కట్టే బట్ట. స్కైద్రె తెచ్చిన బీరులో పులుపు వెనిగర్ పులుపు కాదు, విరిగిన పాలనీళ్ల పులుపు.

చెబితే మామ్మ ఏమవుతుంది? రెండు వాయిలూ చెడగొట్టింది ఆమె ప్రేమే మరి.

బట్ట తొట్టి మీదికి వస్తోంది. గబగబా కోటు, చొక్కా విప్పేశాను.

"అదేం పని?" అంది మామ్మ.

"మా ఈస్టు అంతే, మామ్మా. మగవాడి చొక్కా కప్పితేనే పొంగుతుంది."

"ఎవరు చెప్పారు?"

"మా నాన్న."

చొక్కాను జూనిపర్ నీళ్లలో బాగా ఉడికించి, పిండి, తొట్టి మీద పరిచాను. స్కైద్రె గోడవైపు తిరిగి నిలబడింది. భుజాలు ఊగుతున్నాయి.

చూరు కింద నన్ను పట్టుకుంది. "నిజం చెప్పు."

"జున్ను గుడ్డ. చన్నీళ్లలో ఉతికితే దాన్లో పులుపు పోదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "మామ్మకు చెప్పకు."

"చెప్పను."

"చెప్పకపోవడంలో నువ్వు దిట్టవేలే." నా కోటు వానకు తడిసి ఇంకా ఆరలేదు. చలికి వణుకుతున్న నా మీద తన ఎర్ర శాలువా వేసింది. అలాగే ఊరంతా దాటి ఇంటికి వచ్చాను. కుక్కలు కూడా గుర్తుపట్టలేదు.

పెళ్లినాడు పెళ్లికొడుకు వైపు ఆడవాళ్లు గేటు దగ్గరే పాట అందుకున్నారు. పుల్ల బీరు సంగతి ఎవరో చేరవేసినట్టున్నారు. స్కైద్రె ముఖం పాలిపోయింది. మామ్మ పీపా బిరడా తీసి, వాళ్లలో అందరికన్నా పెద్ద గొంతున్న ఆవిడకు మొదటి మగ్గు ఇచ్చింది.

ఆవిడ తాగింది. పాట మధ్యలో ఆపేసింది. మగ్గు మళ్లీ చాపింది.

ఇక చూడాలి ఆ సందడి! అకార్డియన్ మోగింది, బల్లలు అదిరాయి. స్కైద్రె నా పక్కకు వచ్చి ఏదో అడిగింది. వినపడలేదు.

"చొక్కా మామ్మ కోసమే విప్పావా అంటున్నా!" అని అరిచింది.

"సగం!"

"మిగతా సగం?"

ఆ హోరులో తనకు వినపడాలని గొంతంతా పెట్టాను.

"నిన్ను పెళ్లి చేసుకోవాలనుంది!"

సరిగ్గా అప్పుడే అకార్డియన్ ఆగింది.

పెరడంతా నా వైపు తిరిగింది. నా చెవులు కాలిపోయాయి. స్కైద్రె దోసిట్లో ముఖం దాచుకుని, వేళ్ల సందుల్లోంచి నన్నే చూస్తోంది.

"ఇంత గొంతుందా నీకు?" అంది. "సరేలే. చేసుకుందాం."

ఆడవాళ్లు అప్పుడే మా మీద పాట కట్టడం మొదలుపెట్టారు. మామ్మ ఖాళీ మగ్గు బల్ల మీద పెట్టి లేచింది.

"రేపే బార్లీ నానబోస్తాను," అంది. "నువ్వు మాత్రం చొక్కా విప్పకు, అబ్బాయ్. ఈసారి గుడ్డ నేనే ఉడకబెడతాను."