అమ్మవైపు తలుపు

నాన్న ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన సంచిని అమ్మ పొద్దుటినుంచి సర్దుతూనే ఉంది. పైజామాలు, తువ్వాలు, మందుల డబ్బా, చదువుకునే కళ్ళజోడు అన్నీ పెట్టడం, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ మంచం మీద కుమ్మరించడం. ఇస్త్రీ చేసిన నీలం చొక్కాని మాత్రం ప్రతిసారీ అన్నిటికన్నా అడుగున పెడుతోంది. అది తిరిగొచ్చేటప్పుడు వేసుకోవడానికి.

మర్నాడు పొద్దున్నే ప్రయాణం. పెద్ద ఊళ్ళో పెద్ద డాక్టరు నాన్న గుండెకి ఆపరేషన్ చేస్తానన్నాడు. నాన్న ఇప్పటికే రెండుసార్లు ఏదో వంక పెట్టి వాయిదా వేయించాడు. ఈసారి కూడా తప్పించుకుంటే డాక్టరు ఇంకో అవకాశం ఇవ్వడు. గుండె అసలే ఇవ్వదు.

ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసింది కూతురికి. ఇంట్లో ఆమెని పిచ్చుక అంటారు. చిన్నప్పుడు నోరు మూతపడేది కాదట. ఇప్పుడు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తోంది. నోరు ఇప్పటికీ మూతపడదు.

షికారుకి వెళ్ళొచ్చిన నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఒక చిన్న సంగతి. కారు తాళంచెవి కాలవలో పడింది."

"పడిందా, పడేశావా?" అంది పిచ్చుక.

"వంతెన మీద వంగి చేపల్ని చూస్తున్నానే. జేబులోంచి జారింది. ఒక చేప వచ్చి వాసన చూసి వెళ్ళిపోయింది. దానికి డ్రైవింగ్ రాదనుకుంటా."

"రెండోది ఎక్కడుంది?"

జవాబు లోపల్నుంచి అమ్మ చెప్పింది. "రెండూ ఒకే రింగుకి కదా వేలాడేది. ఒకటి ఇంట్లో పెట్టండని కారు కొన్ననాటి నుంచీ మొత్తుకుంటున్నా. విడదీస్తే ఒకటి పోతుందంటారు ఈయన."

"పోలేదుగా ఒకటి. రెండూ కలిసే వెళ్ళాయి."

"టాక్సీ పిలుస్తాను," అంది పిచ్చుక.

"నేను రాను."

"నాన్నా."

"టాక్సీలో ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు రోగులు. సొంత కారులో వెళ్ళేవాళ్ళు చుట్టాలు. చుట్టాలే తొందరగా తిరిగొస్తారు. కారు లేదంటే ప్రయాణం లేదు, అంతే."

ఆయన మొండితనం సంగతి ఆమెకి తెలియనిది కాదు. ఆ మొండితనం కింద ఉన్న భయం కూడా తెలుసు. ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళి, తాళాలు బాగుచేసేవాళ్ళ కోసం వెతికింది.

అవతల ఎవరో కుర్రాడి గొంతు. కారు పేరు వినగానే నవ్వాడు.

"అది ఇంకా బతికే ఉందా అండీ? కొత్త కారైతే కంప్యూటరు పెట్టి చిటికెలో చేసేవాణ్ణి. దీనికి తాళం ఊడదీసి, ఆకురాయితో చేతిపని చెయ్యాలి. ఎల్లుండి వస్తాను."

"ఎల్లుండి మా నాన్నకి ఆపరేషన్. ఈ కారు కదిలితేనే ఆయన కదుల్తాడు. మీరు ఎల్లుండి వచ్చి చేసే తాళంచెవి నేను గోడకి తగిలించుకోవాలి."

అవతల పనిముట్లు పెట్టెలో పడ్డ చప్పుడు.

"అడ్రసు చెప్పండి," అన్నాడు. "ఇప్పుడే బయలుదేరుతున్నా."

వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. స్కూటరు మీద తడుస్తూ, పనిముట్ల పెట్టె మాత్రం తన కోటు కప్పి తెచ్చాడు. చూస్తే పిచ్చుకకన్నా రెండుమూడేళ్ళు పెద్దవాడై ఉంటాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా.

"నచ్చిందా?" అంది పిచ్చుక గొడుగు పట్టుకుని.

"వయసు కాస్త ఎక్కువే. కానీ ఒళ్ళు గట్టిదే అండీ."

"కట్నం అడక్కుండా పని మొదలుపెట్టండి."

తాళాలబ్బాయి ఒక సన్నని ఇనప రేకుతో పక్కసీటు తలుపు తెరిచి, లోపలి అట్ట ఊడదీసి, తాళాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తాళంలో వరసగా ఇత్తడి పలకలుంటాయట. ఏ పలక ఎంత ఎత్తుందో చూసి, తాళంచెవికి ఆ లెక్కనే గాట్లు పెట్టాలట.

"డ్రైవరు వైపుది ఎందుకు తియ్యలేదు మరి?"

"అది వాడివాడి అరిగిపోతుందండీ. ఈ వైపు తాళం ఎవరూ ముట్టుకోరు. డ్రైవరు లోపల కూచుని చెయ్యి చాపి తీస్తాడుగా. ఏ పాత కారులో చూసినా ఇది కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది. చూడకుండా కోసెయ్యొచ్చు."

అన్నట్టే పెద్దగా చూడకుండానే కోశాడు. ఈల కూడా వేశాడు. తాళంచెవి పెడితే తలుపు చక్కగా తెరుచుకుంది. గర్వంగా పిచ్చుక వంక ఒక చూపు విసిరి, స్టీరింగు దగ్గర కూచుని తాళంచెవి తిప్పాడు.

తిరగలేదు. ఇంకోసారి తిప్పాడు. ఈల ఆగిపోయింది.

"తలుపు తెరుచుకునే కారు మాకు ముందే ఉంది," అంది పిచ్చుక. "నడిచేది కావాలి."

"అలా ఎలా జరుగుతుంది?" అన్నాడు తనలో తనే.

"కళ్ళు పరీక్ష చేయించుకున్నారా ఎప్పుడైనా? ఇదిగో." షాపులో వాడే చిన్న భూతద్దం సంచిలోంచి తీసి అతని చేతిలో పెట్టింది.

దాన్ని కంటికి ఆనించుకుని ఆ తాళాన్ని చాలాసేపు చూశాడు. డ్రైవరు వైపు తాళం కూడా ఊడదీసి చూశాడు. తర్వాత వరండాలో కూచున్న నాన్న వైపు తిరిగాడు.

"సార్, ఒక్కమాట. ఈ కారులో డ్రైవరు వైపుకన్నా ఈ వైపు తాళమే ఎక్కువ అరిగింది. ఈ తలుపు ఎవరో రోజూ బయట నించుని తాళం పెట్టి తీశారు. ముందు ఇదే తీశారు, అటువైపుది లోపల కూచున్నవాళ్ళు తీసుంటారు. నేనిలాంటిది ఎక్కడా చూడలేదు."

నాన్న వానని చూస్తూ కూచున్నాడు. గుమ్మంలో అమ్మ తల దించుకుంది.

"వానొస్తే మీ అమ్మ తడుస్తుంది కదా," అన్నాడు నాన్న చివరికి, కూతురికి చెబుతున్నట్టు.

"ఎండగా ఉంటే?"

"ఎండలో నించుంటే దానికి కళ్ళు తిరుగుతాయి."

"వానా ఎండా లేనప్పుడు?"

"అప్పటికి అలవాటైపోయింది."

పిచ్చుక ఆ కారులోనే పెరిగింది. నాన్న చుట్టూ తిరిగొచ్చి అమ్మవైపు తలుపు తియ్యడం ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. రోజూ చూసేది కాబట్టి ఎప్పుడూ చూడనే లేదు. ఆ మాట అరిగిన ఇత్తడి ముక్క చెబితేగానీ ఆమెకి తెలియలేదు.

తాళాలబ్బాయి మొహం మాత్రం చిన్నబోయింది. "తప్పు నాదేనండీ. చూడకుండా కోశాను. ఈ కారుకి పట్టే, ఇంకా గాట్లు పెట్టని ఖాళీ తాళంచెవులు ఇప్పుడు బజారులో దొరకవు. నా పెట్టెలో రెండే ఉన్నాయి. ఒకటి పాడుచేశాను. రెండోది కూడా పోతే రేపటికి నావల్ల కాదు."

పిచ్చుక నోరు మొదటిసారి మూతపడింది. కాసేపే.

"ఈ కారులో అరగని తాళం ఇంకేది?"

"డిక్కీది."

"అందులో మా ఇంటి సామానంతా తిరిగింది," అంది అమ్మ. "అదీ అరిగే ఉంటుంది."

"మరి డ్యాష్‌బోర్డు అరకి?" అంది పిచ్చుక.

"దానికి తాళం ఉందా?" అంది అమ్మ నిజంగానే ఆశ్చర్యపోయి. "ఎప్పుడూ వెయ్యలేదే. అందులో దాచుకోడానికి మాకేముంది కనక."

తాళాలబ్బాయి అప్పటికే ఒక్క అంగలో కారులో ఉన్నాడు.

ఆ తాళం నిజంగానే కొత్తదానిలా మెరుస్తోంది. పలకలు తక్కువే గానీ ఉన్నవాటికి అరుగుదల లేదు. అవి చూసి మిగిలినవి పోల్చుకోవచ్చన్నాడు. పక్కపక్క సీట్లలో కూచున్నారు ఇద్దరూ. పైన రేకు మీద వాన. ఆమె భూతద్దంతో చూసి చెప్పడం, అతను ఆకురాయి పట్టడం.

"ఇది దానికన్నా వెంట్రుకవాసి ఎత్తు."

"వెంట్రుకంటే ఎవరిది? మీదా, నాదా?"

"మీ తల తియ్యండి ముందు. వెలుతురు రావడం లేదు."

"అడ్డం వచ్చింది మీ జడండీ."

"జడ నాది. కారు నాది. భూతద్దం నాది."

"తప్పు ఒక్కటే నాది," అన్నాడు అతను వినయంగా. ఆమెకి నవ్వాగలేదు. చెయ్యి కదిలిందని అతను కసిరాడు. కసిరి, తనూ నవ్వాడు. మసకబారిన అద్దాల్లోంచి అమ్మ ఆ రెండు తలల్నీ చూసి, టీ పట్టుకొచ్చినదల్లా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. చల్లారితే మళ్ళీ పెట్టుకోవచ్చు.

చీకటి పడకముందే కారు ఒకసారి దగ్గి, మొత్తం ఒళ్ళు విదిలించుకుని లేచింది.

"ఇక వెళ్ళక తప్పదన్నమాట," అన్నాడు నాన్న.

పిచ్చుక ఆయన పక్కన వచ్చి కూచుంది. "నిజం చెప్పు నాన్నా. పడేశావా?"

"జారిందే తల్లీ. కాకపోతే పట్టుకుందామని చెయ్యి లేవలేదు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఆ అబ్బాయి వానలో ఇంత అవస్థ పడ్డాక వెళ్ళనంటే ఏం మర్యాద? వెళ్దాం."

ఆ మాట విన్నాక పిచ్చుకకి ఏడుపొచ్చింది. థాంక్స్ చెబుదామని గేటుదాకా వెళ్ళింది. తీరా నోరు తెరిస్తే, "భూతద్దం ఇచ్చి వెళ్ళండి," అనే వచ్చింది.

పొద్దున్నే మళ్ళీ స్కూటరు చప్పుడు.

"రాత్రంతా చల్లబడ్డాక ఇంజిన్ అందుకుంటుందో లేదో చూద్దామని," అన్నాడు తాళాలబ్బాయి.

"ఇంజిన్ కోసం తల దువ్వుకొచ్చారా?"

అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. నాన్న చూడనట్టే చూశాడు.

అమ్మ సంచి పట్టుకుని కారు దగ్గర నించుంది. నాన్న జేబులోంచి తాళంచెవి తీశాడు. కారు నడిపేది పిచ్చుక దగ్గరుంది. ఇది ఆ పాడైపోయిన మొదటిది. అమ్మ తలుపుని చూసి కోసింది కాబట్టి అది అమ్మ తలుపుకి మాత్రమే పడుతుంది. చుట్టూ నెమ్మదిగా నడిచి వెళ్ళి, దాంతో తలుపు తీసి, అమ్మ కూచున్నాక చీర అంచు లోపలికి సర్ది వేశాడు.

"నాన్నా, నువ్వు ముందు కూచో. వెనక ఇరుకు."

"అది మీ అమ్మ సీటు. నేను వెనక కూచుంటా."

ఎక్కబోతూ ఆగి, తాళాలబ్బాయిని దగ్గరికి పిలిచాడు. తాళంచెవి అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"ఇది ఉంచు బాబూ. తిరిగొచ్చాక కొన్నాళ్ళు నన్ను ఏ పనీ చెయ్యనివ్వరు. నాకు ఓపిక వచ్చేదాకా ఈ తలుపు సంగతి నువ్వు చూడు."

"నేనా సార్? నేను బయటివాణ్ణి."

"తాళంచెవి ఉన్నవాణ్ణి బయటివాడనరు," అన్నాడు నాన్న.

పిచ్చుక అద్దంలో నాన్న మొహం చూసింది. ఆయన హాయిగా, చుట్టాలింటికి వెళ్ళేవాడిలా నవ్వుతున్నాడు. దారంతా అమ్మ కొత్తపెళ్ళికూతురిగా ఆ కారెక్కిన రోజు కబుర్లే. వంతెన దాటుతుంటే అద్దం దించి, "బండి కదిలిందిరా," అని చేపలకి చెప్పాడు కూడా.

తర్వాత చాలా రోజులకి, పిచ్చుక మళ్ళీ పనిలో చేరాక, తాళాలబ్బాయి కళ్ళజోళ్ళ షాపుకి వచ్చాడు. చూపు ఆనడం లేదన్నాడు. ఆమె కుర్చీలో కూచోబెట్టి గోడమీది అక్షరాలు చదవమంది. చివరి వరస, ఎవరూ చదవలేని చిన్నక్షరాలు కూడా తడుముకోకుండా చదివేశాడు.

"మీ చూపు గద్ద చూపు. మీకు కళ్ళజోడు అక్కర్లేదు."

"తెలుసండీ."

"మరెందుకొచ్చారు?"

అతను జేబులోంచి తాళంచెవి తీశాడు. "ఇది తిరిగివ్వాలేమోనని. ఆయన నాకు కొన్నాళ్ళకే ఇచ్చారు. నా దగ్గర ఉంచుకునే హక్కు ఉందో లేదో తెలీడం లేదు. ఉందంటే మాత్రం, నేనీ జన్మలో ఇవ్వను."

పిచ్చుక అతని వంక చూసింది. అద్దాలేవీ అక్కర్లేకుండానే అంతా స్పష్టంగా కనబడింది.

"మా నాన్న ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదు," అంది. "ఆదివారం అమ్మని బయటికి తీసుకెళ్ళాలి. తలుపు తియ్యడానికి ఎవరూ లేరు. వస్తారా?"

"వస్తాను."

"తల దువ్వుకుని రండి."

ఆదివారం అమ్మ అతను తీసిన తలుపు ముందు కాసేపు నిలబడిపోయింది. తర్వాత అతని తలమీద చెయ్యి వేసి, "చీర అంచు సర్దు నాయనా, నలిగిపోతుంది," అని కూచుంది. ఆ ఇంట్లో పెళ్ళి ఖాయం కావడమంటే అంతే.

ఇప్పుడు ఆ రెండు తాళంచెవులూ ఒకే రింగుకి ఉంటాయి. ఒకటి విడిగా పెట్టమని అమ్మ మళ్ళీ మొత్తుకుంటుంది, అల్లుడు వినడు. అతను చుట్టూ తిరిగి వెళ్ళి అమ్మవైపు తలుపు తీస్తున్నప్పుడల్లా పిచ్చుక స్టీరింగు దగ్గర కూచుని, ఎవరికీ కనబడకుండా ఒక దణ్ణం పెట్టుకుంటుంది. ఎల్లుండి వస్తానన్నవాడు అప్పుడే వచ్చినందుకు. చూడకుండా కోసినందుకు. ఆ ఒక్క పొద్దు నాన్న తన చేత్తో ఆ తలుపు తియ్యగలిగినందుకు.

నీలం చొక్కా మడత చెదరకుండా సంచి అడుగునే ఇంటికొచ్చింది. నాన్న రాలేదు. ఆపరేషన్ అయిన మూడోరోజు, శుక్రవారం, తెల్లవారుతుండగా ఆస్పత్రిలోనే పోయాడు.