గోనెల వెనక మనిషి

ఆత్మారాం సార్ హైదరాబాద్ నుంచి దిగిన రోజే నాకు ఒళ్లు మండింది. వచ్చీరాగానే, "వసంత గారూ, మీ హ్యాండ్‌రైటింగ్ ముత్యాలండీ!" అన్నాడు.

నిజామాబాద్ కాలేజీ ల్యాబులో మూడేళ్లుగా ఆమె పక్కనే పనిచేస్తున్నాను. ఆ ముక్క నాకెందుకు తోచలేదు?

అది డెబ్బై రెండో సంవత్సరం. సార్ ప్రయోగం కోసం బోధన్‌లో ఖాళీ చక్కెర గోదాం ఒకటి తీసుకున్నాం. ఒక కొసన రాడార్ తరంగాలు వదిలే ఇత్తడి కొమ్ము, నడుమ దారానికి వేలాడే రేకు. తరంగాలు రేకుకు తగిలి ఎటు చెదురుతున్నాయో, అంచు దగ్గర ఎంత వంగుతున్నాయో మీటరు సూది చెబుతుంది. అవి గోడలకు తగిలి తిరిగి రాకుండా చుట్టూ బొగ్గుపొడి పూసిన గోనెలు కట్టింది నేను. రీడింగులు రాసేది వసంత. ఆమె పక్క కుర్చీ మాత్రం సారుది!

నా పని అయిపోయినా ఇంటికి పోబుద్ధి కాలేదు. గోనెల వెనక చేరి, రెండింటి మధ్య సందు చేసి చూసేవాణ్ణి. సార్ ఏదో అంటాడు, ఆమె నవ్వుతుంది.

మూడో రోజు సార్ విసుక్కున్నాడు. "సూది మళ్లీ ఎగిరింది! ఈ గోదాం పనికిరాదండీ. రేపే హైదరాబాద్ పోదాం. మీరూ రండి, అక్కడే ఉద్యోగం చూస్తాను."

ఆమె ఏమంటుందోనని తల ఇంకాస్త లోపలికి పెట్టాను.

"గోదాం మంచిదే సార్," అంది వసంత తాపీగా. "గోనెల ఎనుక మనిషున్నడు. దశరథం, ఇగ బయటికి రా! నువ్వు తొంగి చూసినప్పుడల్లా తరంగాలు నీకు తాకి సూదిని ఎగరగొడుతున్నయ్."

మొహమంతా బొగ్గుతో బయటికొచ్చాను. సార్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చాయ్ తాగొస్తానని వెళ్లిపోయాడు.

"ఎప్పటి సంది ఎరుక నీకు?" అన్నాను.

"మొదటి దినం సంది."

"మరి చెప్పకపోతివి! రీడింగులన్నీ ఖరాబయినయ్ గద."

"నువ్వు బువ్వకు పోయినప్పుడు అన్నీ మల్ల తీసిన. చెప్తే నువ్వు ఇటు రావు గద."

సిగ్గూ సంతోషమూ ఒక్కసారే కమ్ముకున్నాయి. అయినా అసూయ చచ్చిందా? "హైదరాబాద్ పోతవా?" అన్నాను.

"పోను. అయినా, ఆయన మూడు దినాలల్లనే అడిగిండు. నువ్వు మూడేండ్లాయె, ఒక్క మాట అడగకపోతివి."

"ఇప్పుడు అడుగుతున్న వసంతా..."

"నన్ను గాదు," అంది చేతిరుమాలు నా మీదికి విసిరి. "మా బాపు ఇంటికాడనే ఉన్నడు. మొకం కడుక్కొని పోయి అడుగు."