తెరిపి పిల్లలు

"మేం లేకపోతే మీరు తడిసి ముద్దయిపోయేవారు మేడమ్. కాస్త మర్యాదగా మాట్లాడండి," అంది ఇందీవర.

మందాకిని నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. ఆ పిల్ల చెప్పింది నిజమే, అందుకే ఒళ్ళు మండింది. గడ్డికొండ నెత్తిన మిట్టమధ్యాహ్నం పన్నెండుమంది పిల్లలు పొడినేల మీద చాపలు పరుచుకుని కూర్చున్నారు. వాళ్ళ చుట్టూ, రాయి విసిరితే అందేంత దూరంలో, వాన నాలుగు వైపులా గోడ కట్టినట్టు నిలువునా కురుస్తోంది. నెత్తిమీద మాత్రం గుండ్రంగా నీలాకాశం. ఆ గుండ్రం అంచున మేఘకాపరులనే ఎగిరే యంత్రాలు గద్దల్లా తిరుగుతూ, లోపలికి తొంగిచూసిన ప్రతి మబ్బునూ అదిలించి అవతలికి తోలేస్తున్నాయి.

పట్నంలో పుట్టిన ప్రతి బిడ్డకూ బారసాల నాడే మెడ ఎముక కింద చర్మంలో తెరిపిబిళ్ళ కుడతారు. పేరు పెట్టడం ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనుకోరు గాని బిళ్ళ ఆలస్యమైతే బంధువులు ముక్కున వేలేసుకుంటారు. బిళ్ళ ఎక్కడ ఉంటే మేఘకాపరులు అక్కడికి వస్తాయి, దాని మీద చినుకు పడనివ్వవు. పెద్దవాళ్ళ బిళ్ళలు పట్నం పొలిమేర దాటితే మూగబోతాయి. పద్దెనిమిది నిండనివాళ్ళవి ఎక్కడైనా పలుకుతాయి. వయసు తగ్గేకొద్దీ తెరిపి విశాలంగా ఉండాలని మళ్లింపు మండలి నియమం. ఈ పన్నెండుమందిలో అందరికన్నా చిన్నవాడు విభు ఒక్కడే, పదకొండేళ్ళవాడు, ముగ్గురు పెద్దపిల్లలకు వచ్చేంత పొడినేల తెచ్చిపెడతాడు. రెండు తరాలుగా పట్నంలో ఎవరూ వానకు తడిసి ఎరగరు. తోలేసిన మబ్బు ఎక్కడో ఒకచోట కురవక తప్పదు కదా అని అడిగే అలవాటు కూడా ఎప్పుడో పోయింది.

బాల వనదళం శిబిరానికి ఇష్టపడి వచ్చే పిల్లలు ఉండరు. ఏడాదికోసారి ఆరుబయట గడపకపోతే పై తరగతికి పంపరు కాబట్టి వస్తారు. మొహాలు మాడ్చుకుని వస్తారు, మొహాలు మాడ్చుకునే పోతారు. వాళ్ళు తనను ఇష్టపడతారని మందాకిని ఏనాడూ భ్రమపడలేదు. ఎంతమందిని తీసుకెళ్ళిందో అంతమందినీ తిరిగి వాళ్ళ అమ్మల చేతుల్లో పెట్టాలి. ఆమె ఈ పనిని అలాగే చూస్తుంది, అంతకు మించి ఎవరి మెప్పూ ఆశించదు.

వానగోడ చీల్చుకుని ఒక ఆడమనిషి లోపలికి వచ్చింది. వెనకాల ఇద్దరు మగవాళ్ళు. ముగ్గురి ఒంటి మీంచీ నీళ్ళు ధారలు కడుతున్నాయి. ఆమె నడుము దగ్గర కొడవలి ఉంది. పొడినేల మీద కాలు పెట్టగానే ఆగి, ఆ గడ్డినీ పిల్లల ఆరిన బట్టలనూ చూసింది. ఆ చూపుకి విభు లేచి మందాకిని వెనక్కి వచ్చేశాడు.

"నువ్వేనా ఈ పిల్లలకి పెద్ద?" అంది ఆమె. పేరు పైడమ్మ అని తర్వాత తెలిసింది. "మీరొచ్చిన కాణ్ణించి మా లోయలో వాన ఆగనేదు. గెడ్డ పొంగిపోనాది. పిల్లల్నీ ముసలోల్నీ బడి మిద్దె మీదకి ఎక్కించినాం. నీలు కిటికీల దాకా వొచ్చేసినాయి. ఆ ఎగిరేవాటిని ఆపించు."

"ఆపడం నా చేతిలో లేదమ్మా. బిళ్ళలు పిల్లల ఒంట్లో ఉన్నాయి."

"అయితే ఎలిపోండి ఇక్కణ్ణించి."

"మా బండి రేపటిదాకా రాదు."

"రేపటికి ఎవులుంటారు ఆ మిద్దె మీద?" పైడమ్మ గొంతు పెంచలేదు. "పోయినేడు నా కొడుకు, మా బావు, ఆ గెడ్డలోనే కొట్టుకుపోనాడు. ఆవేళ మీ పట్నంలో ఏటో ఊరేగింపంట. పొద్దల్లా తెరిపంట. ఆడికి పదేళ్ళు."

మందాకినికి ఆ ఊరేగింపు గుర్తుంది. ఎంత చక్కటి ఎండ కాసిందో అని ఇంటికొచ్చి చెప్పుకుంది కూడా.

అప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. తెరిపిని ఆపలేకపోతే పోనీ, కదిలించవచ్చు. పిల్లలు ఎటు నడిస్తే తెరిపి అటు నడుస్తుంది. పిల్లల్ని లోయలోకి తీసుకెళ్ళి ఆ బడి పక్కన నిలబెడితే వాన అక్కణ్ణించి తొలగిపోతుంది.

"సామాన్లు సర్దండి. కిందికి దిగుతున్నాం," అంది.

ఇందీవర ఒంటికాలిమీద లేచింది. "ఎందుకు దిగాలి? మా అమ్మానాన్న శిబిరానికి ఒప్పుకున్నారు గాని దీనికి ఒప్పుకోలేదు. వాళ్ళ వరద వాళ్ళు చూసుకుంటారు."

"ఒక్కపూట. గెడ్డ తగ్గేదాకా. ఒక్కపూటే."

"నేను రాను. మాలో ఎవరూ రారు."

పదహారేళ్ళ పిల్ల మాటకు మిగిలిన పెద్దపిల్లలంతా తలలూపారు. మందాకిని వాదించలేదు. విభు చెయ్యి పట్టుకుని వానగోడ వైపు నడిచింది. వాడితో పాటే నీలాకాశమూ కదిలింది. వెనకున్నవాళ్ళ చుట్టూ ఉన్న పొడినేల కుంచించుకుపోయి, చాపల అంచుల దాకా వాన వచ్చేసింది. ఉరుము నెత్తిన ఉరిమినట్టు వినిపించింది. మరుక్షణం అందరూ సంచులు లాక్కుంటూ ఆమె వెనక పరుగెత్తారు. అందరికన్నా ఆఖరున వచ్చిన ఇందీవర, "చిన్నపిల్లాణ్ణి ఎరగా వాడుకున్నారు మీరు," అంది. మందాకిని విననట్టే నడిచింది.

లోయలో పని అనుకున్నట్టే జరిగింది. వాళ్ళు దిగుతూంటే వాన వాళ్ళకు దారి ఇస్తూ వెనక్కి జరిగింది. సాయంత్రానికల్లా గెడ్డ తగ్గింది. మిద్దె మీంచి ముసలివాళ్ళను చేతుల మీద దించారు. తడిసిన పసిపిల్లలు ఎండలో నిలబడి వణుకుతూ నవ్వారు. ఊరి ఆడవాళ్ళు వనదళం పిల్లలకు వేడన్నం, ఎండుచేపల పులుసు పెట్టారు. ఒకావిడ విభు బుగ్గలు పుణికి, వాడు వద్దన్నా వినకుండా ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఇందీవర కంచం ముట్టలేదు. మందాకిని మాత్రం తృప్తిగా తింది. ఇన్నేళ్ళ శిబిరాల్లో మొదటిసారి ఒక పనికొచ్చే పని చేశాననుకుంది.

తెల్లారేసరికి పిల్లల బూట్లు ఒక్కటీ లేవు.

వెళ్ళే దారి మొదట్లో నలుగురు మనుషులు కర్రలతో కూర్చున్నారు. జలగలూ రాళ్ళూ నిండిన ఆ కొండదారిలో పట్నం పిల్లలు ఉత్తకాళ్ళతో నాలుగడుగులు కూడా వెయ్యలేరని వాళ్ళకు బాగా తెలుసు. మందాకిని పైడమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"బూట్లు ఇప్పించండి. మేం వెళ్ళాలి."

"కూకో అమ్మా. తొందరేటుంది?" పైడమ్మ చాటలో బియ్యం చెరుగుతూనే ఉంది. "వరి కోతకొచ్చీదాకా ఉండండి. మీ పిల్లల్ని మేవేటీ సెయ్యం. మా పిల్లల్లాగే సూసుకుంటాం. ముందు ఆళ్ళకే పెట్టి మేం తింటాం."

"ఇది నేరం. తెలుసా మీకు?"

"మా మీదకి వాన తోలీడం ఏటో మరి?"

మందాకిని బడి వెనక్కి వెళ్ళి మాటపలక తీసి మళ్లింపు మండలిని పిలిచింది. పిల్లల్ని పట్టి ఉంచారు, మనుషుల్ని పంపండి అని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. పలక కాసేపు ఆలోచించి, తేనెలాంటి గొంతుతో పలికింది: "మీ దళంలోని పిల్లలందరూ పొడిగా ఉన్నారు. పొడిగా ఉన్న పిల్లలు క్షేమంగా ఉన్నట్టు. ఆందోళన అవసరం లేదు." రెండోసారి పిలిచినా అదే చెప్పింది. బండి సంగతి అడిగితే, గెడ్డ దాటే వంతెన కొట్టుకుపోయిందనీ, పిల్లలు పొడిగానే ఉన్నారు కాబట్టి ప్రయాణం వాయిదా వేశామనీ చెప్పింది. ఆమె పలకను గోడకేసి కొట్టాలన్నంత కోపంతో ఊగిపోయింది.

"ఒక్కపూట అన్నారు కదా?" వెనకనించి ఇందీవర అడిగింది.

"అన్నాను."

"మీకు అంతా తెలుసనుకుంటారు. మీకేమీ తెలీదు."

ఆ మాటకు మందాకిని తలెత్తలేకపోయింది. కొండమీద ఉన్నంతసేపూ ఈ పిల్లలు ఊరివాళ్ళకు శత్రువులు. కింద వాళ్ళు సరుకైపోయారు. దించింది తనే.

ఆ మధ్యాహ్నం లోయ చివర, వాన మొదలయ్యే చోట, మనుషులు కనబడ్డారు. పాతికమందికి తక్కువ ఉండరు. పారలు, గునపాలు పట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో పొడినేల అంచుమీద నిలబడ్డారు. వాళ్ళ ముందున్న మనిషి పేరు అప్పలకొండ. కొండకు అవతలి లోయవాడు.

"నిన్న సాయంత్రం నుండి మీ వానంతా మా మీద పడతన్నాది పైడమ్మా," అన్నాడు. "రెండిళ్ళు కూలిపోనాయి. ఆ పిల్లల్ని అవతలికి తోలండి."

పైడమ్మ వాళ్ళకు ఎదురుగా వచ్చి నిలబడింది. నడుము దగ్గరున్న కొడవలి చేతిలోకి వచ్చింది. "మా కాడికొచ్చిన పిల్లలు. ఎక్కడికీ తోలం."

"మా కాడా పసోళ్ళున్నారు."

"ఉంటే?"

తన కొడుకు సంగతి చెప్పిన నోటితోనే ఆ మాట అంది. మందాకిని ఆమె మొహంలోకి చూసింది. అక్కడ సిగ్గు ఉంది, ఆ సిగ్గుకు పైన భయం ఉంది, ఆ భయానికి ఎవరూ అడ్డం నిలిచేలా లేరు. ఆ మనిషిని అసహ్యించుకోవాలని మందాకిని ఎంత ప్రయత్నించినా చేతకాలేదు. చేతకానందుకు తన మీద తనకే కసి పుట్టింది.

రెండు ఊళ్ళూ చాలాసేపు అరుచుకున్నాయి. పారలు పైకి లేచాయి, ఒకడి తల పగిలింది. రక్తం చూశాక రెండు పక్కలా ముసలివాళ్ళు ముందుకొచ్చి, నీళ్ళ వంతులు పంచుకున్న మాదిరిగా పంపకానికి కూర్చున్నారు. సగం ఇక్కడ, సగం అక్కడ. పిల్లల్ని ఎవరూ అడగలేదు. వాళ్ళు బడి గోడకు ఆనుకుని, ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు.

అప్పలకొండ మందాకిని దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఒక మాట సెప్పు. పెద్దోళ్ళకి తెరిపి ఎక్కువా, చిన్నోళ్ళకా?"

గింజలు బేరం చేసేవాడు అడిగినంత మామూలుగా అడిగాడు. వెనకనించి ఇందీవర ఆమె చీర కొంగు పట్టుకుంది. "చెప్పకండి మేడమ్," అని గుసగుసగా అంది. ఆ పిల్ల గొంతులో బతిమాలడం మందాకిని మొదటిసారి వింది.

"అందరికీ సమానమే," అంది మందాకిని.

అప్పలకొండ అది అబద్ధమని పట్టేశాడో, లేక ఎవరి మాటా నమ్మని మనిషో, పిల్లల్లో ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని వాన అంచు దాకా నడిపించి చూడడం మొదలుపెట్టాడు. ఇందీవర వెళ్ళినప్పుడు వాన పది బారలు వెనక్కి జరిగింది. ఇంకొకడికి పదిహేను. అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఊపిరి బిగబట్టి ఆ అంచునే చూస్తున్నారు. విభు వంతు వచ్చింది. వాడు నాలుగడుగులు వేశాడో లేదో ఎదుటి వానంతా తెర లాగినట్టు తప్పుకుని, అవతలి కొండవాలు ఎండలో మెరిసింది. రెండు ఊళ్ళవాళ్ళూ ఒక్కసారి "ఆఁ" అన్నారు.

అప్పలకొండ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని విభు తల నిమిరాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా బంగారు బావు," అన్నాడు. "ఈ బావుని మాకియ్యండి. మిగిలినోళ్ళందరినీ మీరే ఉంచుకోండి."

పైడమ్మ పన్నెండుమందినీ మనసులో అటూ ఇటూ తూచుకుంది. ఒక్కడు పోతే పదకొండుమంది మిగులుతారు. తల ఊపింది.

ఎవరితో వెళ్ళాలి, ఎవరితో ఉండాలి? ఇద్దరు మనుషులుగా చీలిపోవడం మందాకినికి రాదు. అంతమందినీ అమ్మల చేతుల్లో పెట్టాల్సిన మనిషి ఒక్క అడుగు కూడా వెయ్యలేక నిలబడిపోయింది.

"మీరు వాడితో వెళ్ళండి," అంది ఇందీవర. ఏడుస్తోంది గాని గొంతు గట్టిగానే ఉంది. "వాడు ఒక్కడూ పడుకోలేడు. వీళ్ళని నేను చూసుకుంటాను."

మందాకిని ఆ పిల్లను దగ్గరికి తీసుకోబోయింది. ఇందీవర ఒప్పుకోలేదు. చేత్తో తోసేసి, ఏడుస్తున్న చిన్నపిల్లల్ని గోడ నీడలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. క్షమించడానికి ఆ పిల్లకు కారణం ఏముందని?

అవతలి లోయవాళ్ళు విభు కాళ్ళకు గోనెపట్టా చుట్టారు. రాయి తగలకుండా భుజాల మీద ఎత్తుకుంటామన్నారు, వాడు దిగి నడుస్తానన్నాడు. మందాకిని వాడి చెయ్యి పట్టుకుని వాళ్ళ మధ్యన నడిచింది. వెళుతున్నకొద్దీ ముందు వాన విడిపోతోంది, వెనక మూసుకుంటోంది. పాతికమంది మనుషులు వాడిని ఒరుసుకుంటూ నడుస్తున్నారు. దారిలో ఎదురైన ప్రతి మనిషీ ఒకసారి వాడి తల తాకి దణ్ణం పెట్టుకుంటున్నాడు.

కొండ మలుపు దగ్గర విభు ఆగాడు.

"మేడమ్, నేను పెద్దవాణ్ణయితే నా బిళ్ళ పనిచెయ్యదు కదా?"

"చెయ్యదు."

"అప్పుడు పంపించేస్తారు కదా?"

పదకొండేళ్ళవాడు. పద్దెనిమిది నిండడానికి ఇంకా ఎన్నేళ్ళో మందాకిని వేళ్ళ మీద లెక్క పెట్టబోయి మానేసింది.

"పంపించేస్తారు నాన్నా," అంది.