విలుకాడు ఎవరివాడు

ఆదివారం మధ్యాహ్నం. బయట ముసురు పట్టింది. వంటింట్లో అమ్మ గిన్నెలు తోముతోంది. ముందుగదిలో పెద్దోడు కంప్యూటర్ ముందు కూర్చుని, తమ్ముడి సొత్తు తన పేర రాయించుకునే పనిలో ఉన్నాడు.

సొత్తంటే ఇల్లూ పొలమూ కాదు. ఆన్‌లైన్ ఆటలో ఒక విలుకాడు. చిన్నోడు ఏళ్ల తరబడి నిద్ర మానుకుని పెంచిన పాత్ర. పోయిన ఏడాది జ్వరం చిన్నోడిని తీసుకుపోయింది. విలుకాడు మాత్రం ఆటలోని కొండ అంచున, మనకు వీపు పెట్టి, వాడు నిలబెట్టిన చోటే ఉన్నాడు.

"దాని జోలికి పోకురా. వాడిదంటూ మిగిలింది అదే," అని అమ్మ బతిమాలింది.

పెద్దోడు తలూపాడు. తలూపడానికి ఖర్చేముంది! తన కత్తివీరుడేమో నాలుగు దెబ్బలకే పడిపోయే రకం. చిన్నోడి పాస్‌వర్డ్ ఎలాగూ తెలుసు. విలుకాడిని పెంచింది తనేనని ఆటలోని జట్టువాళ్ల దగ్గర కోతలు కోశాడు.

"నీదైతే ఆ సైట్‌లో రుజువు చెయ్ గురూ, చూసి తరిస్తాం," అన్నాడు జట్టు నాయకుడు.

ఆ సైట్ ఆట కంపెనీది కాదు. ఆటగాళ్ల బలాబలాలు లెక్కగట్టే బయటివాళ్లది. అడిగినవాడికి అది ఒక కోడ్ ఇస్తుంది. ఆ కోడ్‌ను ఆటలోని పాత్ర పరిచయం పేజీలో రాస్తే, చదువుకుని, పాత్ర వాడిదేనని ముద్ర వేస్తుంది. తాళం ఎవరి చేతిలో ఉందన్నదే దానికి కావాలి. చెమట ఎవరిదో అడగదు.

పెద్దోడు కోడ్ తీసుకుని విలుకాడి పరిచయం తెరిచాడు.

అక్కడ అప్పటికే ఒక కోడ్ ఉంది. తనది కాదు.

చెరిపేసి తనది రాశాడు. సరిచూడమని నొక్కాడు. 'సరిపోలలేదు.' తెరిచి చూస్తే మళ్లీ ఆ పాత కోడే.

"అమ్మా... కంప్యూటర్ నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"దాని తల ఎటో తోక ఎటో నాకు తెలిస్తే కదరా!"

గదిలో ఆసుపత్రి వాసన. మందులు, చెమట, తడి దుప్పటి... మళ్లీ చెరిపాడు. తెర మీద విలుకాడు మెల్లగా... ఇటు తిరిగాడు.

ఫోన్ గుర్రుమంది. సైట్ నుంచి సందేశం. 'మీ కత్తివీరుడు ఇక వేరొకరి సొంతం. రుజువు సరిపోయింది.'

తన కత్తివీరుడి పరిచయం తెరిచాడు. తను రాయలేదు. అయినా ఉంది... విలుకాడి దగ్గర చూసిన ఆ కోడే.

"చిన్నోడా, టీ."

అమ్మ. వీపు వెనకాలే.

"అమ్మా... నేను... పెద్దోడిని."

"వాడి మాట ఎత్తకురా." ఆవిడ కప్పు బల్ల మీద పెట్టింది. "ఏడాదైనా నా వల్ల కావట్లేదు."

అల్మరాలోని దండ వేసిన ఫొటో తీసి గుడ్డతో తుడిచింది. అందులో నవ్వుతున్నది పెద్దోడు.

ముఖం కింద, చిన్నోడి వంకర రాతలో, ఆ కోడే. సిరా ఇంకా ఆరలేదు... అమ్మ వేలికి అంటుకుంది.