లోర్నా పెట్టిన మూత

మా భవనం మూడో అంతస్తు లోర్నా హాస్కెట్ ఎవరో పేపర్లో రాసేవాడితో ఒకే గొడుగు కింద నడిచి రావడం మిసెస్ ఓడెల్ చూసిందట. చూసి ఊరుకుంటే ఆవిడ మిసెస్ ఓడెల్ ఎందుకవుతుంది? కింద బట్టలుతికే గదిలో నలుగురు చేరేసరికి కథ సిద్ధమైపోయింది. ప్రెసిడెంట్ దగ్గర కొలువు చేసే పిల్ల, అదే ప్రెసిడెంట్‌ని రోజూ ఏకిపారేసే వాడితో తిరుగుతోందట. గొడుగంతా పిల్ల వైపే ఉందట, వాడి కుడి భుజం తడిసి ముద్దయిందట. "ఆ భుజం చూశాక ఇంకేం అడగాలి?" అందట. నాకు ఈ సంగతి మా ఆవిడ చెప్పింది. వాషింగ్టన్ నగరానికి టీవీలో వార్తలొస్తాయి. మా భవనానికి మాత్రం తడిబట్టల బుట్టల్లో వస్తాయి.

మిసెస్ ఓడెల్ చెప్పినదాంట్లో కల్పన తక్కువే. ఆ భుజం కాల్విన్ మెర్సర్‌ది. నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య నుంచి వచ్చిన విలేకరి. లోర్నా ప్రెసిడెంట్ పత్రికా కార్యాలయంలో రెండో స్థానంలో ఉన్న మనిషి. ఆ ఏడు వసంతంలో ప్రెసిడెంట్‌కి పత్రికల మీద కోపమొచ్చి, ఇద్దరు విలేకర్లని లోపలికి రానిచ్చే పాసులు లాగేసుకున్నాడు. ఎందుకని విలేకర్ల సమావేశంలో కాల్విన్ నిలబడి మూడుసార్లు అరిచాడు. లోర్నా వచ్చి అతని ముందున్న మైకు తీసేసింది.

"ఈ గొంతుకి మైకు దండగ. మీ ఊళ్ళో ఆవుల్ని ఇలాగే పిలుస్తారా?" అంది.

"ఇలాగే పిలుస్తాం. అవి బదులు పలుకుతాయి" అన్నాడు.

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది. కోపంతో అనుకున్నారందరూ. ముందు వరసలో కూర్చున్న రూత్ అనే పెద్దావిడకి మాత్రం ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక తిరిగిందని తెలిసిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా విలేకరిగా ఆ గదిలో నవ్వులూ అబద్ధాలూ చూస్తున్న మనిషి.

ఎండాకాలం వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ చిల్లీ కూర పోసిన సాసేజ్ రొట్టెలమ్మే కొట్లో, బల్ల ముందు ఎత్తు స్టూళ్ళ మీద పక్కపక్కనే కనిపించసాగారు. ఆఫీసు మాట అతను అడగకూడదు, ఆమె చెప్పకూడదు. ఆ కట్టుబాటు వల్ల మొదట్లో ఏం మాట్లాడాలో తెలియక తెగ తినేవారట. తర్వాత చిన్నప్పటి కుక్కల గురించీ, చచ్చిపోయిన మేనత్తల గురించీ మాట్లాడుకోవడం మొదలెట్టారు. ప్రేమ అక్కణ్ణుంచే మొదలైందని నా అనుమానం.

వాళ్ళ వృత్తిలో ఒక పద్ధతుంది. ప్రెసిడెంట్ ఎక్కడికి కదిలినా, పత్రికలన్నిటి తరఫునా వంతులవారీగా ఒకరు వెంట ఉండాలి. ఇక ఇవాళ కదలడు, కబురేమీ ఉండదు అని కార్యాలయం చెప్పడాన్ని 'మూత పెట్టడం' అంటారు. మూత పడేదాకా వంతువాడు గది వదలడు. పడ్డాక నిశ్చింతగా ఇంటికి పోతాడు. పాసులు లాక్కున్నా, నోటికొచ్చినట్టు తిట్టుకున్నా, మూత మాటని మాత్రం రెండు పక్షాలూ నమ్మేవి.

అక్టోబరులో ఒక గురువారం కాల్విన్ వంతు. సాయంత్రం స్పీకర్లో లోర్నా గొంతు వినిపించింది. ఇవాళ్టికి మూత. భోజనానికి పోదాం రమ్మని ఆమె పిలిస్తే ఇద్దరూ వానలో నడుచుకుంటూ సాసేజ్ కొట్టుకి వెళ్ళారు. అదే వేళకి ప్రెసిడెంట్ వెనక గేటులోంచి మామూలు కారెక్కి ఆసుపత్రికి వెళ్ళాడు. గుండెకి ఏదో చేయించుకున్నాడు. ఆసుపత్రి వాకిట్లో ఎవరో ఫోన్‌తో తీసిన ఫొటో తెల్లారేసరికి దేశమంతా చూసింది.

తోటి విలేకర్లు కాల్విన్‌ని మాటలతో పొడిచారు. దేశాధ్యక్షుడు ఆసుపత్రిలో మత్తుమందు కింద పడుంటే, కాపలా ఉండాల్సినవాడు మూత పెట్టిన పిల్లతోనే విందు చేస్తున్నాడన్నారు. ఎడిటర్ అంతకన్నా తక్కువ మాటల్లో, అంతకన్నా గట్టిగా అన్నాడు. కాల్విన్‌కి అవేవీ అంత నొప్పి కాదు. తనని అక్కణ్ణుంచి తప్పించడానికే ఆమె భోజనానికి పిలిచిందా అన్న పురుగు ఒకటి లోపల దూరింది. ఫోన్ చేశాడు.

"నీకు ముందే తెలుసా?"

"నువ్వా ఈ మాట అడుగుతున్నది?" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం విలేకర్ల ముందుకి రావాల్సిన ఆమె పై అధికారి రాలేదు. మూత పెట్టింది నువ్వే, సర్దిచెప్పేదీ నువ్వేనంటూ లోర్నాని పంపించాడు. చెప్పాల్సిన మాట కూడా ఆయనే అందించాడు. ఆసుపత్రి ప్రయాణం, మూత పెట్టాకే అప్పటికప్పుడు అనుకున్నదని చెప్పాలి. అది అబద్ధమని అప్పటికి ఆమెకి తెలుసు. డాక్టర్లకి గురువారం పొద్దున్నే కబురెళ్ళిందని ఆ శుక్రవారమే ఎవరో చెప్పారు.

అవతల రూత్ కాల్విన్ మోచెయ్యి పట్టుకుంది. నువ్వు కూర్చో నాయనా, నేనడుగుతాను, ఆ పిల్ల ముఖాన నువ్వు అడగక్కర్లేదు అంది. కాల్విన్ సరేనన్నాడు. సరేనన్నవాడు లోర్నా వచ్చి నిలబడగానే చెయ్యెత్తాడు. పత్రిక కోసం ఎత్తలేదు. తెలుసుకోకుండా ఉండలేక ఎత్తాడు.

"మూత పెట్టే వేళకి ప్రయాణం ఖాయమైందా? మీకు తెలుసా?"

మీరు అన్నాడు. అందరి ముందూ అలాగే అనాలి. అయినా ఆ మాటకి ఆమె రెప్పలు ఒక్కసారి కదలడం టీవీలో చూసిన మా ఆవిడకి కూడా కనిపించింది. లోర్నా పై అధికారి మాట రాసున్న కాగితం తిరగేసి పెట్టింది.

"నిన్న పొద్దున్నే ఖాయమైంది. నాకు చెప్పలేదు. చెప్పుంటే ఆ మూత పెట్టేదాన్ని కాదు" అంది.

గదిలో గోల లేచేలోపే ఆమె వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఉద్యోగమూ పోయింది.

శనివారం పొద్దున వాన వెలిసింది. లోర్నా మా భవనం మెట్ల మీద కాఫీ పట్టుకుని కూర్చుంది. కాల్విన్ వచ్చి కింది మెట్టు దగ్గర ఆగిపోయాడు. తప్పు చేసినవాడిలా కాదు, శిక్ష ఎంతో అడగడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. మిసెస్ ఓడెల్ బుట్టతో సహా గుమ్మంలో నిలబడిపోయింది. నేనూ కదల్లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

నిన్ను అనుమానించాను అన్నాడు కాల్విన్. తెలుసు అంది ఆమె. ఊళ్ళో ఉన్న తన తండ్రికి ఫోన్ చేసి చెప్తే ఆయన కూడా తిట్టాడన్నాడు. మంచివాడు అంది. కొంచెం పక్కకి జరిగింది. అతను చోటు చూసుకుని తడి మెట్టు మీదే కూర్చున్నాడు.

ఆమె ఉద్యోగం పోయినందుకు తనని తాను ఓదార్చుకుంటున్నట్టు నెమ్మదిగా అన్నాడు.

"నేను అడక్కపోయినా రూత్ అడిగేది, లోర్నా."

ఆమె కాఫీ తాగి కప్పు కింద పెట్టింది.

"రూత్ అడిగుంటే అబద్ధం చెప్పేదాన్ని."