వార్డ్‌రోబ్ వెనక తలుపు

చీపురుపల్లి రైల్వే గేటు అవతల, వీధి చివరి ఇంటి పెరటికి మంచి పేరు లేదు. రాత్రి పదకొండు దాటాక అటు ఎవరూ వెళ్లరు. ముసుగేసుకున్న ఆడమనిషి అక్కడ నిలబడుతుందట... పలకరిస్తే మాయమైపోతుందట. ఆవిడ, ఆ ఇంటి యజమాని తిరుమలరావు మొదటి భార్య దాలమ్మ అనీ, అతను ఈ ఊరు రాకముందే జ్వరంతో పోయిందనీ చెప్పుకుంటారు. ఆ మాట మొదట పుట్టించింది కూడా తిరుమలరావే.

అతనికి రెండో భార్యగా ఆ ఇంటికొచ్చిన పిల్ల కుసుమకుమారి. రెండేళ్లుగా దాలమ్మ ఫొటోకి దండేసి దీపం పెడుతోంది, ఏటా చీర కూడా పెడుతోంది. ముత్తయిదువగా పోయినావిడకి చీర పెట్టకపోతే ఆ కోపం రెండో ఆవిడ కాపురం మీద పడుతుందని వాళ్ల నమ్మకం.

దాలమ్మ కూతురు భవానికి పదేళ్లు. "పిన్నీ" అంటుంది, పెట్టింది తింటుంది, అంతే. ఆ పిల్ల నోట ఒక్కసారి "అమ్మా" అనిపించుకోవాలని కుసుమ ఆశ.

అందుకే మొగుడు ఇల్లు బాగు చేయిద్దామనగానే ఎగిరి గంతేసింది. ఫోన్లో ఇళ్ల వీడియోలు చూసీ చూసీ కళ్లు ఎర్రబడ్డాయి. వంటింటి గట్టుకి నల్ల గ్రానైటు, హాల్లో ఫాల్స్ సీలింగు. భవాని గదికైతే మరీనూ! గులాబీ రంగు గోడ, కిటికీ కింద చదువుకునే బల్ల, దానిమీద చిన్న లైటు.

"భవాని గదిలో పెరటి తలుపుకి గోడ కట్టించీసి అక్కడ పెద్ద వార్డ్‌రోబ్ పెట్టించు. నైరుతిలో తలుపు మంచిది కాదు," అన్నాడు తిరుమలరావు. భవాని ఎదుట మేస్త్రి గంగులుతో మాత్రం ఇంకోలా చెప్పాడు. "అంతా మా ఆవిడ ప్లానే. నాకేటీ తెలీదు."

భవాని ఒక్కటే అడిగింది.

"ఆ తలుపుండనీ పిన్నీ."

"మరి వార్డ్‌రోబ్‌కి సోటేదే అమ్మీ? నీ గౌనులన్నీ వరసగా తగిలించుకుందువు."

పిల్ల వెళ్లి ఆ తలుపు గడియ ఒకసారి తీసి, మళ్లీ వేసింది.

గోడ లేచింది. ఆ శనివారం రాత్రి...

టక్... టక్... టక్.

కుసుమ లేచి కూచుంది. చప్పుడు భవాని గదిలోంచి వస్తోంది — వార్డ్‌రోబ్ లోపల్నించి. మొగుణ్ణి కుదిపింది.

"ఇంటన్నారా?"

"దాలమ్మే. తలుపు మూయించినావని కోపం," అన్నాడు గుసగుసగా. "పెరట్లోకి మాత్రం పోకు." దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు కుసుమ కొత్త చీర కొనితెచ్చి ఫొటో ముందు పెట్టింది. చెంపలేసుకుంది. "అక్కా, తెలీక మూయించినాను. పిల్ల జోలికి రాకు." గుమ్మంలో భవాని నోరు తెరిచింది... వెనక తండ్రి దగ్గాడు. పిల్ల లోపలికెళ్లిపోయింది.

మళ్లీ శనివారం.

టక్... టక్... టక్. ఆగింది. ఆ తర్వాత, చిన్నగా, జవాబులాగ — టక్... టక్.

కుసుమ మంచం దిగింది. దెయ్యం పిల్లని పిలుస్తోంది! ఫోను లైటు పట్టుకుని గదిలోకెళ్లింది. మంచం ఖాళీ. వార్డ్‌రోబ్ తలుపు ఓరగా ఉంది. లోపల, వేలాడే గౌనుల మధ్య, భవాని మోకాళ్ల మీద కూచుని వెనక చెక్కకి చెంప ఆనించి ఉంది.

"దారి లేదే అమ్మా..." అంటోంది చెక్కతో. "నాన్న కాదు. పిన్నే మూయించీసింది."

కుసుమ అక్కడ నిలవలేకపోయింది. వీధి గుమ్మంలోంచి ఇల్లు చుట్టి, భయాన్ని పళ్ల బిగువున పట్టుకుని పెరట్లోకి నడిచింది.

ప్లాస్టరింగు కాని కొత్త ఇటుకల గోడకి ముఖం ఆనించి... ఒక ఆడమనిషి. తిరిగింది. రోజూ దండేసే ఫొటోలో ముఖమే.

కుసుమ లైటు ఆవిడ పాదాల మీదికి దించింది. పాదాలు ముందుకే ఉన్నాయి. రబ్బరు చెప్పులు, ఉప్పుకి పగిలిన మడమలు.

"సచ్చిపోనావు కదా..."

"ఎవులు సెప్పినారు?" అంది దాలమ్మ. "నౌపడ ఉప్పు మడుల్లో పని సేస్తన్నాను. పిల్లని లాక్కుని నన్ను గెంటీసినాడు. పగలొస్తే పిల్లని కనబడనీకుండా దూరం పంపీస్తానన్నాడు. శనివారం రాత్రి బండికొస్తే అమ్మి తలుపు తీసీది, మొకం సూసుకుని పోయీదాన్ని." కొత్త ఇటుకల మీద అరచెయ్యి వేసింది. "నీకు నానేటి సేసినాను? అదీ మూయించీసినావు."

రెండేళ్లు బతికున్న మనిషికి దండేసింది. తన పెళ్లి అబద్ధం, పెట్టిన దీపాలు అబద్ధం. పోనీ, అవన్నీ అతను తనకి చేసిన మోసాలు. తన చేత్తో, తన ముచ్చటతో, తల్లికీ పిల్లకీ మధ్య గోడ పెట్టించాడే... అదే కుసుమకి మింగుడు పడలేదు.

గంగులు సామాన్ల కుప్పలోంచి గునపం తీసింది. "ఎనక్కి జరుగే అమ్మీ!" అని పిల్లకి వినబడేలా అరిచి, గోడ మీద వేసింది.

వీధిలో ఒక్కొక్క కిటికీ మూసుకుంది. ఆ రాత్రి పెరట్లో దాలమ్మ దెయ్యం గోడ పగలగొట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాలుగంగుళాల గోడ... ఇటుకలు రాలాయి, వార్డ్‌రోబ్ వెనక చెక్క చీలింది.

లోపల చీకట్లోంచి తిరుమలరావు గొంతు వణికింది.

"ఎ... ఎవులది?"

కుసుమ గునపం దించింది. ఆయాసం తీర్చుకుని, ఎప్పటి గొంతుతోనే చెప్పింది.

"లైటెయ్యండి. అమ్మి వాళ్లమ్మ వచ్చింది."